ఒడ్డుకా, లోతుకా: లేక్ ఫోర్క్‌లో బాస్‌కి గాలం ఎక్కడ వెయ్యాలి

జూలై నెల, మధ్యాహ్నం పన్నెండు, ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది, ఒకతను బోటు ముందు భాగంలో నిలబడి ఒడ్డు వెంట కలువాకుల మీదికి ప్లాస్టిక్ కప్పని విసురుతూనే ఉన్నాడు. అలాంటివాణ్ని చూస్తే నాకు జాలి కాదు, సిగ్గేస్తుంది, ఎందుకంటే రెండు ఎండాకాలాల పాటు ఆ పని చేసింది నేనే. డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర డ్రైవ్ చేసి, తెల్లారేసరికి లేక్ ఫోర్క్ జలాశయం చేరి, మొదటి గంటలో ఒకటో రెండో పట్టి, ఆ తర్వాత ఐదారు గంటలు ఖాళీ నీళ్లలో చెయ్యి నొప్పెట్టేదాకా విసిరి ఇంటికొచ్చేవాణ్ని. చేపలు లేక కాదు. అవి నాకు రెండు వందల అడుగుల దూరంలోనే, నా వీపు వెనకాల, ఇరవై అడుగుల లోతులో ఉండేవి.

ఇప్పుడు మా చుట్టుపక్కల మనవాళ్లలో నలుగురైదుగురికి ఈ పిచ్చి పట్టింది. అందరూ అడిగేది ఒక్కటే, "ఒడ్డుకి వెయ్యాలా అన్నా, లోతుకి వెయ్యాలా?" దానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఏ రోజు చూసినా కొన్ని బాస్‌లు ఒడ్డున ఉంటాయి, కొన్ని లోతులో ఉంటాయి. మనం తేల్చుకోవాల్సింది ఈ గంటలో ఎక్కువ చేపలు మేత మీద ఉన్నది ఎక్కడ అన్నది. అది తెలుసుకోవడం నేర్చుకోవచ్చు, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే ఒక సీజన్ పడుతుంది.

ముందు ఒక చిన్న సంగతి. బాస్ అనగానే మనవాళ్లు పండుగప్ప అనుకుంటారు, రెస్టారెంట్లలో దాన్ని సీ బాస్ అని అమ్ముతారు కాబట్టి. నేను చెప్పేది అది కాదు, లార్జ్‌మౌత్ బాస్, మంచినీటి చేప, కుటుంబమే వేరు. దాని తీరు అర్థం కావాలంటే మన కొర్రమీనుని గుర్తు తెచ్చుకోండి. నాచులో, తూడులో నక్కి ఉండి దగ్గరికొచ్చినదాన్ని ఒక్కసారిగా మింగేస్తుంది, గుడ్లకీ పిల్లలకీ కాపలా కాస్తుంది, కప్ప కనపడితే వదలదు. చిన్నప్పుడు ఊళ్లో కప్పని గాలానికి గుచ్చి కొర్రమీను పట్టడం చూసినవాళ్లకి ఇక్కడ రబ్బరు కప్పతో బాస్ పట్టడం కొత్తగా ఏమీ అనిపించదు.

ఎంత లోతుని లోతు అనాలి

నా లెక్కలో ఎనిమిది అడుగుల లోపు ఒడ్డు నీళ్లు, పదిహేను దాటితే లోతు, మధ్యలోది దారి. ఈ లెక్క లేక్ ఫోర్క్‌కి సరిపోతుంది. బురదగా ఉండే లేక్‌లో పది అడుగులే పెద్ద లోతు, అద్దంలా తేటగా ఉండే చోట పది అడుగుల్లో చేప మీ నీడ చూసి పారిపోతుంది. కాబట్టి అంకెని పట్టుకుని వేలాడొద్దు, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసుకోండి. తెల్ల లూర్‌ని (ఎరగా వాడే బొమ్మని) తాడుకి కట్టి దించితే ఎన్ని అడుగులకి కనపడకుండా పోతోందో చూస్తే చాలు. రెండడుగులకే మాయమైందంటే ఒడ్డు మీద ఆశ పెట్టుకోవచ్చు, ఏడెనిమిది అడుగులకీ కనపడుతోందంటే కొంచెం వెనక్కి జరగాల్సిందే.

లేక్ ఫోర్క్ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే చేప ఎక్కడుంటుందన్నది ఆ నేలలోనే రాసి ఉంది. దాదాపు 27 వేల ఎకరాల జలాశయం. సబైన్ నదిలో కలిసే లేక్ ఫోర్క్ క్రీక్ అనే వాగుకి అడ్డంగా కట్ట కట్టి 1980లో నింపడం మొదలుపెట్టారు. డ్యామ్ దగ్గర లోతు 70 అడుగుల దాకా ఉంటుంది. నింపేటప్పుడు చెట్లన్నీ కొట్టేయలేదు, వేలకొద్దీ మొద్దులు ఇప్పటికీ నీళ్లలో నిలబడే ఉన్నాయి. అడుగున పాత రోడ్లు, పొలాల మధ్య పశువుల కోసం తవ్వుకున్న కుంటలు, ఆ కుంటల కట్టలు అలాగే మునిగిపోయాయి. శ్రీశైలం నిండినప్పుడు మన ఊళ్లు మునిగినట్టే, ఇక్కడ ఒక పల్లె నేల మొత్తం నీళ్ల కింద ఉంది. ఆ మునిగిన కుంట కట్ట ఎక్కడుందో మీకు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. చుట్టూ ఇరవై రెండు అడుగులు, కట్ట మీద పద్నాలుగు, కట్ట పక్కన పాత మొద్దు. ఎండాకాలంలో బాస్‌కి అంతకంటే మంచి ఇల్లు ఇంకోటి లేదు.

ఒడ్డు చేపకి ఎప్పుడు వెళ్లాలి

వసంతం ఒడ్డుది. అందులో వాదన లేదు. ఫిబ్రవరి చివర్లో నీళ్ల వేడి 55 డిగ్రీల ఫారన్‌హీట్ దాటగానే లోతులో ఉన్న పెద్ద ఆడ చేపలు కదలడం మొదలుపెడతాయి, 60 దాటి 70 లోపు ఉన్నప్పుడు గుడ్లు పెడతాయి. మార్చి, ఏప్రిల్ మొదటి భాగం అసలు జాతర. నేరుగా ఒడ్డుకొచ్చేయవు, దారిలో ఆగుతూ వస్తాయి. క్రీక్ నోటి దగ్గర ఒక మజిలీ, లోపల నీళ్లలోకి పొడుచుకొచ్చిన మెరక దగ్గర ఇంకో మజిలీ, ఆ తర్వాత గాలి తగలని మూలలో, రెండు మూడడుగుల నీళ్లలో గట్టి నేల చూసుకుని గూడు. ఆ మజిలీలే మన అడ్డాలు. వేడి చూసుకోవడానికి బోటు మీద ఉన్న సోనార్ (నీళ్ల లోతూ, కింద ఏముందో తెర మీద చూపించే యంత్రం) సరిపోతుంది. ఉత్తరపు గాలి తగలకుండా ఎండ పడే మూలలు ముందు వేడెక్కుతాయి, మిగతా లేక్ 57 ఉంటే అక్కడ 61 చూపించవచ్చు, ఆ నాలుగు డిగ్రీలు చాలు.

గూడు మీద కూర్చున్న చేపని పట్టడం గురించి నా అభిప్రాయం అడిగితే, పట్టండి గానీ ఫోటో ఒకటి తీసుకుని నిమిషంలో అక్కడే వదిలేయండి. గూడుకి కాపలా కాసే మగ చేప పక్కకి తప్పుకున్న రెండు నిమిషాల్లో చిన్న చేపలు గుడ్ల మీద పడిపోతాయి. లైవ్‌వెల్‌లో (బోటులో చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టిలో) వేసుకుని లేక్ అంతా తిప్పి ఇంకెక్కడో వదిలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వసంతం కాకపోయినా ఒడ్డు పనిచేసే సమయాలు ఉన్నాయి. ఎండాకాలంలో తెల్లవారుజామున మొదటి గంటన్నర, సాయంత్రం చివరి గంట. మబ్బు పట్టి గాలి వీచే రోజు ఏ నెలైనా సరే. గాలి ఏ ఒడ్డుకి కొడుతోందో ఆ ఒడ్డుకే వెళ్లండి, బోటు అదుపులో ఉండదని బద్ధకించి గాలి లేని వైపు దాక్కోవద్దు. గాలితో పాటు చిన్న షాడ్ చేపలు అటు కొట్టుకుపోతాయి, వాటి వెనకాలే బాస్. అక్టోబర్, నవంబర్ నెలల్లో షాడ్ గుంపులు క్రీకుల చివరిదాకా వెళ్లిపోతాయి, అప్పుడు నాలుగడుగుల నీళ్లలో బాస్‌లు వాటిని తరిమి తరిమి తింటాయి, నీళ్ల మీద చప్పుడు మీకే వినపడుతుంది.

ఒడ్డు కదా అని ఏ ఒడ్డు పడితే ఆ ఒడ్డు పనికిరాదు. మొదట్లో నాకు ఎవరూ చెప్పనిది ఇదే: లోతు దగ్గర్లో ఉన్న ఒడ్డే మంచి ఒడ్డు. అర మైలు దూరం మూడడుగుల నీళ్లే ఉండే చదును చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, గడ్డి ఎంత పచ్చగా ఉన్నా, పెద్ద చేప అక్కడ రోజంతా ఉండదు. పాత క్రీక్ వంపు తిరిగి ఒడ్డుకి ముప్పై అడుగుల దూరంలో వెళ్లిందనుకోండి, అక్కడ చేప లోతులోంచి పైకొచ్చి తిని మళ్లీ దిగిపోవడానికి రెండు నిమిషాలు చాలు. మ్యాప్‌లో లోతు గీతలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చి ఒడ్డుకి ఆనుకునే చోటు వెతకండి.

ఒడ్డున ఏం వెయ్యాలి అంటే, పది రకాలు కొనొద్దు, నేను కొని డబ్బు తగలేశాను. నాలుగు చాలు. నీళ్లు కలకగా ఉండి గాలి ఉంటే స్పిన్నర్‌బెయిట్ (గిరగిరా తిరిగే రేకు ఉన్న లూర్). గడ్డి, కలువాకులు దట్టంగా ఉంటే బోలు కప్ప, దానికి 50 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం) తప్పనిసరి, లేకపోతే చేప గడ్డిలో దూరి లైన్ తెంపుకుని పోతుంది. మొద్దులూ రాళ్లూ తగిలే చోట స్క్వేర్‌బిల్ క్రాంక్‌బెయిట్ (చదరపు మూతి ఉన్న చేప బొమ్మ). ఇవేవీ పనిచెయ్యకపోతే, నిజానికి పనిచేసినా సరే, టెక్సస్ రిగ్.

టెక్సస్ రిగ్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఒక్కటే నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోవాలి కాబట్టి. తుపాకి గుండు ఆకారంలో ఉండే పావు ఔన్స్ బరువుని, మొన పైకి ఉండేలా లైన్‌కి ఎక్కించండి. కింద 4/0 సైజు ఆఫ్‌సెట్ గాలం (కన్ను దగ్గర మెట్టులా వంగి ఉంటుంది) ముడి వెయ్యండి. ఏడంగుళాల ప్లాస్టిక్ వర్మ్ (వానపాము బొమ్మ) తల మధ్యలో గాలం మొన దూర్చి, పావు అంగుళం లోపలికి పోనిచ్చి పక్కకి బయటికి లాగండి, గాలం కన్ను దగ్గరి వంపు దాకా లాక్కొచ్చి అటుది ఇటు తిప్పి, వర్మ్ ఎక్కడ దాకా వస్తుందో కొలిచి చూసుకుని అక్కడ మళ్లీ గుచ్చండి. వర్మ్ తిన్నగా వేలాడాలి. వంకరగా ఉంటే నీళ్లలో బొంగరంలా తిరిగి లైన్ మెలిపడుతుంది, చేప దాన్ని ముట్టదు. కొత్తవాళ్లలో పదిమందిలో ఎనిమిది మంది తప్పు ఇక్కడే జరుగుతుంది. గాలం మొనని వర్మ్ చర్మంలో కొద్దిగా దాచేస్తే గడ్డిలో చిక్కుకోదు.

మొద్దు పక్కకి విసిరి, లైన్ వదులుగా వదిలి, అది కిందికి దిగుతున్నంతసేపూ లైన్‌నే చూడండి. సగం చేపలు దిగేటప్పుడే అందుకుంటాయి. చేతికి ఏమీ తెలీదు, లైన్ చిన్నగా ఉలిక్కిపడుతుంది, లేకపోతే ఆరడుగుల నీళ్లలో మూడడుగులకే దిగడం ఆగిపోతుంది, లేకపోతే మెల్లగా పక్కకి నడవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆలోచించకుండా వదులు చుట్టేసి రాడ్‌ని ఒక్కసారి పైకి గట్టిగా లాగండి. అడుగు తగిలిందంటే రాడ్ కొనని అరడుగు లేపి దించి, లేపి దించి, రెండు మూడు గంతులు. ఆ చోట లేదనిపిస్తే చుట్టేసి ఇంకో మొద్దు.

లోతుకి పోవడం అంటే ముందు విసరడం మానెయ్యడం

మే నెల చివరికి నీళ్లు 80 డిగ్రీలకి దగ్గరపడ్డాక కథ మారిపోతుంది. గుడ్ల పని అయిపోయిన చేపలు వచ్చిన దారినే వెనక్కి వెళ్తాయి: మూల నుంచి లోపలి మెరక, అక్కడి నుంచి క్రీక్ నోరు, అక్కడి నుంచి ప్రధాన జలాశయంలో ఉన్న కట్టలు, పాత రోడ్లు, దిబ్బలు. జూన్ కల్లా పెద్ద గుంపులు పద్నాలుగు నుంచి ఇరవై రెండు అడుగుల మధ్య స్థిరపడతాయి. ఒక గుంపు దొరికిందా, ఒకే చోట నిలబడి గంటలో పది పట్టిన రోజులున్నాయి. ఒడ్డు వెంట రోజంతా ఒకటీ రెండూ ఏరుకోవడంలో ఆ మజా రాదు.

కానీ లోతులో చేప కనపడదు, మొద్దు కనపడదు, కలువాకు లేదు, కంటికి ఆనవాలే లేదు. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మళ్లీ ఒడ్డుకి పారిపోతారు. నాకు దారి చూపించింది బోటు దింపే ర్యాంప్ దగ్గర కలిసిన ఒక డెబ్భై ఏళ్ల పెద్దాయన. నేను పొద్దున్న తొమ్మిదికే విసుగెత్తి వెనక్కొస్తుంటే, "నువ్వు ఇప్పుడు వెళ్లిపోతున్నావు, నేను ఇప్పుడు వెళ్తున్నాను" అని నవ్వాడు. ఆయన సలహా ఒక్కటే, మొదటి గంట రాడ్ ముట్టుకోవద్దు, సోనార్ చూస్తూ బోటు నడుపు అని. నాకది నచ్చలేదు, అంత దూరం వచ్చి చేపలు పట్టకుండా టీవీ చూసినట్టు తెర చూడటమేంటి అనుకున్నాను. మూడోసారి వెళ్లినప్పుడు గానీ నిజంగా చెయ్యలేదు.

చెయ్యాల్సింది ఇది. లోతు గీతలున్న మ్యాప్ తీసుకుని, పెద్ద క్రీక్ వంపు తిరిగే చోట్లు, మెరక నీళ్లలోకి పొడుచుకొచ్చి ఒక్కసారిగా జారిపోయే చోట్లు, రోడ్డు క్రీక్‌ని దాటే చోట్లు ఐదారు గుర్తు పెట్టుకోండి. ఒక్కోదాని మీద అటూ ఇటూ నెమ్మదిగా బోటు నడపండి. తెర మీద అడుగు గీత సన్నగా, మసగ్గా ఉంటే బురద. మందంగా, గట్టి రంగులో ఉంటే గట్టి నేల, గులక, పెంకులు. బురదలోంచి గట్టి నేలలోకి మారే అంచు మీకు కావాలి. నీళ్ల మధ్యలో మేఘంలా ముద్దగా కనపడితే అది షాడ్ గుంపు. దాని కిందా పక్కనా, అడుగుకి ఆనుకుని గీతలో వంపులో కనపడితే మీ చేపలు. షాడ్ లేదు, వంపు లేదు అంటే ఆ చోటు ఎంత బాగున్నా వదిలేసి ముందుకి పొండి.

ఒక హెచ్చరిక. ఎక్కువ లోతైతే ఎక్కువ చేపలు అనుకోవద్దు. ఎండాకాలంలో పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, కింది నీళ్లు చల్లగా బరువుగా కిందే ఉండిపోతాయి, రెండూ కలవవు. ఆ రెండింటి మధ్య పొరని థర్మోక్లైన్ అంటారు. దాని కింద ఆక్సిజన్ దాదాపు ఉండదు, చేప అక్కడ బతకలేదు. తూర్పు టెక్సస్‌లో నడి ఎండాకాలంలో అది ఇరవై అడుగుల అటూ ఇటూ ఉంటుంది. సోనార్ సెన్సిటివిటీ బాగా పెంచితే తెర మీద అడ్డంగా పల్చటి పొగ గీతలా కనపడుతుంది. ఆ గీత 22 అడుగుల్లో ఉంటే ముప్పై అడుగుల్లో గాలం వెయ్యడం, నీళ్లులేని బావిలో చేద వెయ్యడం ఒకటే. నేను ఒక ఆగస్టులో సగం రోజు ఆ పని చేశాను. అందుకే జూలైలో లోతు అంటే థర్మోక్లైన్‌కి పైన, నేల మెరకగా లేచిన చోటు అని అర్థం చేసుకోండి.

చోటు దొరికాక బోటు దాని మీదే ఆపకండి. పక్కకి ఒక 80 అడుగులు జరిగి, లోతులో బోటు నిలిపి మెరక మీదికి విసరండి. కరోలినా రిగ్‌తో మొదలుపెట్టండి. ముప్పావు ఔన్స్ బరువు, దాని కింద ఒక పూస, స్వివెల్ (మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క), అక్కడి నుంచి మూడడుగుల లీడర్ (విడి లైన్ ముక్క), చివర గాలానికి ప్లాస్టిక్ బల్లి. అడుగు తగిలేదాకా ఆగి, రాడ్‌ని పక్కకి నేలకి సమాంతరంగా మెల్లగా ఈడ్చండి. ఆ బరువు మీ వేలు లాంటిది. బురద మీద ఈడిస్తే తడిసిన గోనెసంచి లాగుతున్నట్టు మెత్తగా, భారంగా వస్తుంది. గులక మీదికి రాగానే రాడ్ పిడిలో కటకటమని తెలుస్తుంది. మొద్దు వేరు తగిలితే ఆగి, బరువెక్కి, టప్పున జారి ముందుకొస్తుంది. అలా జారిన క్షణంలో ఒక్కసారి ఆపి, మనసులో పది లెక్కపెట్టండి. నాకు లోతులో దొరికిన మంచి చేపల్లో ఎక్కువ భాగం ఆ పది లెక్కపెట్టే లోపలే పట్టుకున్నవి. ఎరని కొట్టడం కూడా ఒడ్డు చేపలా ఉండదు, తడిగుడ్డ తగులుకున్నట్టు ఊరికే బరువెక్కుతుంది. అప్పుడు పైకి కాదు, పక్కకి ఊడ్చినట్టు లాగండి, అంత పొడుగు లైన్ బిగియడానికి ఆ ఊపు కావాలి.

గుంపు చురుగ్గా ఉందనిపిస్తే లోతుకి దిగే పెద్ద మూతి క్రాంక్‌బెయిట్ వెయ్యండి. పన్నెండు పౌండ్ల లోపు ఫ్లూరోకార్బన్ లైన్ వాడండి, లైన్ లావైతే లూర్ లోతుకి దిగదు. వీలైనంత దూరం విసరండి, అడుగుని గుద్దుకోవాలి, గుద్దుకోకుండా నీళ్ల మధ్యలో వస్తే ఉత్త వ్యాయామం. లేక్ ఫోర్క్‌లో చాలామంది అరచెయ్యంత పొడుగుండే ఫ్లట్టర్ స్పూన్‌ని (చెంచాలాంటి రేకు లూర్‌ని) కూడా వాడతారు. పైకి గుంజి వదిలేస్తే చచ్చిపోతున్న షాడ్‌లా రెపరెపలాడుతూ దిగుతుంది. చూసినవాళ్లు నవ్వుతారు, కానీ పెద్ద చేపలకి అది పిచ్చి ఎక్కిస్తుంది. చేపలు బోటు కిందే ఉండి ముభావంగా ఉన్నప్పుడు డ్రాప్ షాట్. బరువు కింద, గాలం దానికి ఒక అడుగు ఎత్తున, చిన్న వర్మ్, చెయ్యి కదిలీ కదలనట్టు ఆడిస్తే చాలు.

లోతు గుంపులో మొదటి చేప దొరకగానే ఫోటోలూ ఫోన్లూ పక్కన పెట్టేసి వెంటనే రెండోసారి అదే చోటికి విసరండి. ఒకటి కొట్టగానే మిగతావి పోటీ పడి ఎగబడతాయి, ఆ ఊపు పదిహేను ఇరవై నిమిషాలకి మించి ఉండదు. అందుకే రెండో రాడ్ సిద్ధంగా పెట్టుకోవాలి.

ముప్పై అడుగుల దగ్గర్నుంచి లాగిన చేప విషయంలో జాగ్రత్త. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి దాని లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది, పొట్ట బిగుసుకుని పక్కకి వాలి తేలుతుంది, కిందికి దిగలేదు. అలాంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని కొలతలూ బరువులూ చూడకుండా వెంటనే తల కిందికి పెట్టి నీళ్లలోకి వదిలేయండి. వరసగా రెండు మూడు అలా తేలాయంటే ఆ చోటు మానేసి తక్కువ లోతుకి రండి. సూదితో గాలి తీసేవాళ్లున్నారు, ఎవరైనా దగ్గరుండి నేర్పకుండా మీరు చెయ్యొద్దు.

చలికాలం మళ్లీ లోతే, కానీ అప్పుడు థర్మోక్లైన్ ఉండదు, చేప ఎంత కిందికైనా వెళ్లొచ్చు. అన్నీ నెమ్మదిగా చెయ్యాలి. చలికాలంలో ఏం దొరుకుతుందిలే అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైమాటే, ఇదే లేక్ ఫోర్క్‌లో 1992 జనవరిలో పడింది. పట్టినతను బాస్ కోసం వెళ్లలేదు, చిన్న బతికున్న చేపని ఎరగా పెట్టి క్రాపీ చేపలు పట్టుకుంటున్నాడు.

బోటు లేనివాళ్ల సంగతి

బోటు లేకపోతే లోతు మనకి కాదు అనుకోవద్దు, లోతు ఒడ్డుకి ఆనుకుని వచ్చే చోటికి మీరే వెళ్లాలి. వంతెనల కింద పోసిన బండరాళ్లు, డ్యామ్‌ల దగ్గర రాతి కట్టు, ఇవి రెండే గుర్తు పెట్టుకోండి. అక్కడ పదడుగులు విసిరితే ఐదడుగుల లోతు, అరవై అడుగులు విసిరితే పాతిక అడుగుల లోతు ఉండొచ్చు. లేక్ ఫోర్క్ మీద 154 హైవే వంతెన, 515 వంతెన అలాంటివే. ఎక్కడ నిలబడనిస్తారో, ఎక్కడ కారు ఆపకూడదో బోర్డులు చూసుకోండి. అంత దూరం ఎందుకు అనుకుంటే డాలస్‌కి ఉత్తరాన రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ ఉంది. స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి పడితే ఫిషింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు, ఎంట్రీ ఫీజు కడితే చాలు. పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకి నేను అదే చెప్తాను.

మిగతా చోట్ల 17 ఏళ్లు నిండిన దాదాపు అందరికీ లైసెన్స్ కావాలి, ఏడాది లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది, జూలైలో కొన్నవాళ్లు చూసుకోండి. ఇక లేక్ ఫోర్క్‌లో మనవాళ్లు తరచుగా బోల్తా పడే రూల్ ఒకటుంది. 16 అంగుళాల నుంచి 24 అంగుళాల మధ్య బాస్ ఏదైనా వెంటనే నీళ్లలోకి వదిలేయాలి. రోజుకి ఐదు ఉంచుకోవచ్చు, అందులో 24 దాటింది ఒక్కటే. అంటే కూరకి అందంగా కనపడే సైజంతా వదిలేయాల్సిందే. నోరు మూసి, తోక రెక్కలు దగ్గరికి నొక్కి కొలవాలి. నా ఫ్రెండ్ ఒకడు పులుసుకి చింతపండు నానబెట్టమని ఇంటికి ఫోన్ చేసిన తర్వాత పట్టిన చేపని కొలిస్తే పదిహేడు అంగుళాలొచ్చింది. చివరికి ఆ చింతపండు చారుకి పోయింది. పులుసే కావాలంటే క్యాట్‌ఫిష్‌కి వెళ్లండి, బాస్ కంటే పులుసులో అదే బాగుంటుంది కూడా. రూల్స్ ఏటా మారొచ్చు, వెళ్లే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్ ఒకసారి చూసుకోండి.

ఒక జూన్ శనివారం నేను ఎలా నడుపుతానో చెప్తాను

చీకట్లోనే ర్యాంప్ దగ్గరుంటాను. వెలుతురు రాగానే లోతుకి దగ్గరున్న ఒక గడ్డి అంచు మీద కప్ప, స్పిన్నర్‌బెయిట్. ఏడున్నర దాకా. ఇందులో ఒక్కటి కొట్టినా ఎంత లోతులో కొట్టింది, దేని పక్కన కొట్టింది అని గుర్తు పెట్టుకుంటాను. గడ్డి లోపల కొట్టి ఉంటే ఇంకాసేపు ఉంటాను, గడ్డి బయటి అంచున కొడితే అవి దిగిపోతున్నాయని అర్థం. ఎండ నీళ్ల మీద పడి, నలభై నిమిషాలు ఏమీ కొట్టకపోతే ఇక ఆలోచించను. మబ్బు కమ్మి గాలి ఉంటే మాత్రం ఒడ్డుకి ఇంకో గంట ఇస్తాను. ముందురోజు వాన వెలిసి ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉందంటే అసలు ఇవ్వను, అలాంటి రోజు ఒడ్డు చేప మొద్దుకి అతుక్కుపోయి నోరు తెరవదు.

ఎనిమిది నుంచి తొమ్మిది, సోనార్. తొమ్మిది నుంచి పన్నెండు దాకా దొరికిన రెండు మూడు చోట్ల మధ్య తిరగడం. ఒక చోట గుంపు ఉండి కూడా కొట్టకపోతే దాన్ని వదిలేయను, గంట తర్వాత మళ్లీ వస్తాను, లోతు చేపలకి ఆకలి వేళలుంటాయి. పన్నెండున్నరకి నీడలో బోటు ఆపి పెరుగన్నం. టెక్సస్ ఎండలో బిర్యానీ తెచ్చుకునే తప్పు ఒక్కసారి చేస్తే మళ్లీ చెయ్యరు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఒక ఫ్లాస్క్ మజ్జిగ. పదమూడేళ్ల లోపు పిల్లలుంటే, బోటు లంగరు వేసో ఒడ్డుకి కట్టేసో ఉంటే తప్ప, ఊరికే తేలుతున్నా సరే లైఫ్ జాకెట్ వాళ్ల ఒంటి మీదే ఉండాలి, అది చట్టం.

సాయంత్రం ఆరున్నరకి మళ్లీ పొద్దున్నటి గడ్డి అంచుకి. పొద్దున్న తప్పించుకున్న చేప అక్కడే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎనిమిది దాకా కప్ప వెయ్యండి, నీళ్లు పగిలినట్టు చప్పుడొచ్చినా వెంటనే లాగకండి, ఒక క్షణం ఆగి, బరువు తెలిశాక లాగండి. సూర్యుడు దిగిపోయాక "ఇంకొక్కటి" అనుకోకుండా గుర్తులు పెట్టిన బోట్ లేన్‌లోకి వచ్చేయండి. నేను ఒకసారి ఆ ఇంకొక్కదాని కోసం ఆగి, అద్దెకి తెచ్చిన బోటుని దగ్గరిదారిన మొద్దుల మధ్య నుంచి తోలాను. నెమ్మదిగానే వెళ్తున్నాను, అయినా నీటికి అరడుగు కింద ఉన్న మొద్దు కనపడలేదు, ప్రొపెల్లర్ రెక్క ఒకటి వంకరపోయింది. దాని బిల్లుతో ఇంకో రెండు మంచి రాడ్లు వచ్చేవి.